ఇంగ్లండులో మా తలుపు మొరాయించిన కథ

తలుపు గడియ వెయ్యడం కూడా ఒక విద్యేనా అని మీరు నవ్వవచ్చు. ఒకప్పుడు నేనూ నవ్వేవాణ్ణే. అరవై ఎనిమిదేళ్ల వయస్సులో సముద్రాలు దాటి వెళ్లి, కన్నకొడుకు ఇంట్లో దొడ్డితలుపు వెయ్యలేక చెమటలు కక్కిన తరవాత ఆ నవ్వు కాస్తా మానేశాను.

మాది రాజమండ్రి. మా ఇంటి తలుపులు మా తాతగారి హయాంలో చేయించిన టేకు తలుపులు. ఇత్తడి గొళ్లాలు, ఇనప బందులు, లోపల అడ్డగడియ. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపు పట్టేస్తే వడ్రంగి వచ్చి చిత్రిక పట్టి పోతాడు. బందు కిర్రుమంటే మా ఆవిడ రెండు చుక్కలు కొబ్బరినూనె వేస్తుంది. తలుపుల గురించి మనిషి తెలుసుకోవలసింది ఇంతకు మించి లేదని నా గట్టి నమ్మకం.

2022 జూన్ నెలలో మేమిద్దరం మావాడి దగ్గరకు వెళ్లాం. వాడుండేది రెడింగ్ పట్టణంలో. లండనుకు పడమరగా సుమారు 40 మైళ్లు. ఇల్లు ముచ్చటగా ఉంది. కాని ఎక్కడ చూసినా కలప లేదు. తలుపులూ, కిటికీలూ అన్నీ తెల్లటి గట్టి ప్లాస్టిక్కు. లోపల అక్కడక్కడ ఉక్కు బద్దలు దూర్చి ఉంటాయట. ఒక్కొక్క కిటికీకి రెండేసి అద్దాలు, వాటి నడుమ వేలెడు మందం ఖాళీ. కదలని గాలికి వేడిని తొందరగా దాటనివ్వని గుణం ఉంది. చలిలో మనం ఒక మందపాటి దుప్పటికి బదులు రెండు పల్చటివి కప్పుకుంటే వెచ్చగా ఉండదూ? ఇదీ అంతే. ఈ ఉపాయానికి 1865లోనే న్యూయార్కులో థామస్ స్టెట్సన్ అనే ఆయన పేటెంటు పుచ్చుకున్నాడు.

దొడ్డితలుపు వేసే పద్ధతి కోడలు మొదటిరోజే నేర్పింది. "మామయ్యగారూ, ముందు పిడి పైకి ఎత్తాలి, తరవాత తాళంచెవి తిప్పాలి" అని. పిడి ఎత్తితే తలుపు అంచులో పైనా, కిందా, మధ్యా దాగి ఉన్న కొక్కేలు ఒక్కసారిగా బయటికి వచ్చి చట్రంలో కూర్చుంటాయి. చెవి తిప్పితే ఇక అవి వెనక్కి పోవు. నెల రోజులపాటు ఈ ముచ్చట బాగానే సాగింది.

జూలై 19 వచ్చింది. ఆ రోజు ఆ దేశ చరిత్రలో మొదటిసారిగా ఎండ 40 డిగ్రీలు దాటింది. లింకన్‌షైర్‌లోని కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. రోహిణీ కార్తెలు చూసిన గోదావరి వాణ్ణి, నాకు అదొక లెక్కా! కాని తలుపుకు లెక్కే అని నాకు తెలియదు.

మధ్యాహ్నం మూడింటికి, కొడుకూ కోడలూ ఆఫీసుల్లో ఉండగా, దొడ్డితలుపు వెయ్యబోయాను. పిడి సగం లేచి ఆగిపోయింది. ఇంకొంచెం ఎత్తాను. రాలేదు. తుప్పు పట్టిందనుకుని, తాళంచెవి దూర్చే కంతలో మా ఆవిడ తలకు రాసుకునే కొబ్బరినూనె నాలుగు చుక్కలు పోశాను. తరవాత రెండు చేతులతో పిడి పట్టుకుని, మన బలం చూపించాను. లోపల 'టక్కు'మని ఏదో విరిగిన చప్పుడయింది. ఆ తరవాత పిడి ఎంతో మర్యాదగా పైకీ కిందికీ ఆడసాగింది. కొక్కేలు మాత్రం రావడం మానేశాయి!

సాయంత్రం మావాడు వచ్చి, "ఏమయింది నాన్నగారూ?" అన్నాడు.

"ఏమోరా, దానంతట అదే పాడయింది" అన్నాను. మా ఆవిడ నా ముఖంలోకి చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రాత్రి తలుపుకు అడ్డంగా భోజనాల బల్ల జరిపి పడుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు. ఆరేళ్ల మనుమరాలు మేడమీద ఒక్కతే పడుకుంటుంది. కింద తాళం పడని తలుపు.

మర్నాడు ఒక కిటికీల కంపెనీవారి మనిషి వచ్చాడు. ఇల్లంతా తిరిగి చూశాడు. మేడమీద గదిలో ఒక కిటికీ తాళంచెవి పోయి తెరుచుకోవడం లేదు. ఇంకొక కిటికీ తెరిస్తే నిలవకుండా గాలికి కొట్టుకుంటోంది. హాలు కిటికీలో రెండద్దాల నడుమ పొగమంచు పట్టినట్టు చెమ్మ. ఆయన తల పంకించి, ఇవి పాతవనీ, వీటి సామాను ఇప్పుడు దొరకదనీ, మొత్తం మార్చవలసిందేననీ చెప్పాడు. 9,000 పౌండ్లు. ఆ రోజే సంతకం పెడితే కొంత తగ్గిస్తాడట!

మావాడు కలం తీశాడు. నా గుండెలో రాయి పడింది. మా రెండో అమ్మాయి పెళ్లికని వాడు రెండేళ్లుగా కూడబెట్టిన సొమ్ము దాదాపు అంతే. ఆ సంగతి నాకూ తెలుసు, వాడికీ తెలుసు. ఇంట్లో ఆడవాళ్లకూ, పసిపిల్లకూ కాపు లేకుండా ఉంచలేక సంతకానికి సిద్ధపడ్డాడు. అందుకు కారణం నా మొండిచెయ్యి.

ఆపినది పక్కింటి ముసలావిడ. గోడమీదుగా సంగతి విని, కొలతలిచ్చి ప్రత్యేకంగా చేయించే సరుకుకు మామూలుగా ఉండే 14 రోజుల రద్దు హక్కు వర్తించదనీ, కనక సంతకం చేసే ముందు ఒక రాత్రి ఆలోచించుకోమనీ చెప్పింది. తన తలుపు బాగుచేసిన పనివాణ్ణి పిలిపించింది.

వచ్చినవాడు అరవై దాటినవాడు. చేతిలో ఒక పాత సంచీ. తలుపు చూస్తూనే దాన్ని బార్లా తెరిచి పెట్టి, తెరిచి ఉండగానే పిడి ఎత్తి చూశాడు. ఇది మీరు కూడా గుర్తుంచుకోదగ్గ మాట. తలుపు తెరిచి ఉన్నప్పుడు కొక్కేలు సులువుగా వచ్చి, మూసినప్పుడు మాత్రం మొరాయిస్తే, తాళంలో లోపం లేదన్నమాట. తలుపు వాలి, కొక్కేలు చట్రంలోని గుంటలకు ఎదురుగా రావడం లేదు. తెరిచి ఉన్నప్పుడు కూడా రాకపోతే లోపలి పెట్టె విరిగిందని అర్థం.

మాది రెండో రకం. కాని అసలు రోగం మొదటిదేనన్నాడు. తలుపు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వాలింది. ఆ రోజు ఎండకు ప్లాస్టిక్కు సాగి చట్రానికి పట్టేసింది. అప్పుడెవరో బలవంతాన పిడి ఎత్తారు.

తరవాత తాళం ఊడదీశాడు. అదొక చిన్న ఇత్తడి ముక్క. తలుపు అంచులో ఒకే ఒక పొడుగాటి మర దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ మర తీసి, చెవి దూర్చి కొంచెం తిప్పి లాగితే వచ్చేస్తుంది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఇది కొబ్బరినూనె కదా అన్నాడు.

మావాడు నావైపు చూశాడు. మా ఆవిడ కూడా చూసింది. ఇక దాచి ప్రయోజనం లేదు.

"నేనేరా పోసింది. విరగ్గొట్టిందీ నేనే" అన్నాను.

మావాడు ఒక్క క్షణం మాట్లాడలేదు. తరవాత, "నిన్ననే చెప్పి ఉంటే బాగుండేది కదా నాన్నగారూ, రాత్రంతా దొంగలెవరో వచ్చి విరగ్గొట్టారనుకుని హడలి చచ్చాను" అన్నాడు. నేను తల వంచుకున్నాను.

ఆ పనివాడు ఈ తండ్రీకొడుకుల గొడవ పట్టించుకోకుండా టేపు తీశాడు. తలుపు అంచునుంచి పిడి ఇరుసు నడిమి వరకు 35 మిల్లీమీటర్లు. ఇరుసు నడుమనుంచి తాళం నడుమకు 92. ఈ రెండు కొలతలూ, మరల మధ్య దూరమూ, అంచున ఉన్న ఉక్కు పట్టీ వెడల్పూ సరిపోతే చాలు, మధ్య పెట్టె ఒక్కటే మార్చుకోవచ్చు. తయారుచేసిన కంపెనీ మూతపడినా ఫరవాలేదు. సరిపోయేది ఆయన వ్యానులోనే ఉంది!

పెట్టె మార్చి ఊరుకోలేదు. వాలిన తలుపును అలాగే వదిలేస్తే కొత్త పెట్టె కూడా విరుగుతుందన్నాడు. బందుల్లోని మరలు తిప్పి తలుపును కాస్త ఎత్తాడు. తరవాత అద్దం చుట్టూ ఉన్న ప్లాస్టిక్కు పట్టీలు పల్చటి ఉలితో ఊడదీసి, బందులవైపు కింది మూలలోనూ, పిడివైపు పై మూలలోనూ అద్దానికీ చట్రానికీ మధ్య చిన్న చిన్న బిళ్లలు దూర్చాడు. పిడివైపు వాలిన తలుపు నిటారుగా లేచింది.

అది చూసి నాకు మా వడ్రంగి జ్ఞాపకం వచ్చాడు. దొడ్డి గేటు వాలితే అతనూ ఇలాగే కింది బందు మూలనుంచి ఎదుటి పై మూలకు ఏటవాలుగా ఒక బద్ద కొడతాడు. బరువంతా ఆ బద్ద మీదుగా కింది బందు మీదికి దిగుతుంది. ఈ సంగతి వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో బొమ్మ గీసి చెప్పాను. ఆయన సంతోషించి నాతో కరచాలనం చేశాడు. ఆ ఇంటికి వచ్చిన తరవాత ఒక పని విషయంలో నా మాట చెల్లడం అదే మొదలు.

ఇత్తడి తాళం మాత్రం తిరిగి పెట్టనన్నాడు. అది పిడి పలకనుంచి బాగా బయటికి పొడుచుకు వచ్చి ఉంది. 3 మిల్లీమీటర్లకు మించి రాకూడదట. వస్తే దొంగ పట్టకారుతో పట్టి, మర కంత ఉన్న సన్నటి చోట పుటుక్కున విరిచేస్తాడు. మర కంతనుంచి ఇటెంత, అటెంత అని విడివిడిగా కొలిచి, విరుపుకు తట్టుకునే మూడు చుక్కల గుర్తు తాళం బిగించాడు.

తరవాత మేడమీదికి వెళ్లాడు. మనుమరాలి గదిలోనే చెవి పోయిన కిటికీ. దాని ముందు నిలబడి ఆయన ముఖం గంభీరంగా పెట్టాడు. మేడమీద పడకగది కిటికీ గాలికీ వెలుతురుకే కాదు, కింద నిప్పంటుకుంటే మనిషి బయటపడే దారి కూడా. అందుకు పనికివచ్చే కిటికీ తెరుచుకునే ఖాళీ వెడల్పూ, ఎత్తూ 450 మిల్లీమీటర్లకు తగ్గకూడదనీ, మొత్తం 0.33 చదరపు మీటరు ఉండాలనీ, దాని అడుగు నేలనుంచి 1,100 మిల్లీమీటర్లకు మించకూడదనీ ఇంగ్లండు కట్టడాల నిబంధనలు చెబుతున్నాయి. మా పిల్ల ఎన్ని నెలలుగానో ఆ దారి మూసుకుపోయిన గదిలో పడుకుంటోంది! దొడ్డితలుపు తాళం గురించి మేము పడిన భయంలో పదోవంతు కూడా దీని గురించి పడలేదు. కోడలు గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయింది.

పాత పిడిలోని తాళాన్ని డ్రిల్లుతో తొలిచి ఊడదీశాడు. కొత్త పిడి కొనడం మీరైనా చెయ్యగలరు. రెండు మరల కంతల మధ్య సాధారణంగా 43 మిల్లీమీటర్లు ఉంటుంది. లోపలికి వెళ్లే చదరపు ఇరుసు మందం 7 మిల్లీమీటర్లు. ఆ ఇరుసు పొడుగు మాత్రం కిటికీ కిటికీకి మారుతుంది. దాన్ని కొలిచి మరీ కొనాలి. పిడి ఎడమచేతిదా, కుడిచేతిదా అన్నది కూడా చూసుకోవాలి.

గాలికి కొట్టుకునే కిటికీది బందుల జబ్బు. ఈ కిటికీలకు మన మడత బందులుండవు. రెక్కకు పైనా కిందా కత్తెరలా ముడుచుకునే ఉక్కు చేతులుంటాయి. జారే చోట ఒరిపిడివల్ల రెక్క ఎక్కడ వదిలితే అక్కడ నిలుస్తుంది. కొన్నిటికి ఒరిపిడి మర బిగిస్తే చాలు. అరిగిపోతే జత మార్చాలి. పొడుగూ, ముడిచినప్పటి మందమూ కొలవాలి. మందం 13 గాని 17 గాని ఉంటుంది. మనుమరాలి కిటికీకి పూర్తిగా తొంభై డిగ్రీలు తెరుచుకునే రకం వేశాడు. పిల్ల తొంగిచూసి పడకుండా, పెద్దలు మాత్రమే విప్పగల గొలుసుకొక్కెం కూడా పెట్టాడు.

పొగమంచు పట్టిన హాలు అద్దం సంగతి ఏమిటంటే, అద్దాల అంచున ఉన్న బిగింపు పోయి చెమ్మ లోపలికి చేరింది. దానికి చట్రం మార్చనక్కరలేదు. జంట అద్దం ఒక్కటి కొలిచి మార్పిస్తే సరి. అది నెలాఖరుకు చేయించాం. అంతా కలిపి 600 పౌండ్లు కాలేదు.

పోయేటప్పుడు ఆయన చెప్పిన జాగ్రత్తలు ఇవి. ఏడాదికి రెండుసార్లు కొక్కేలకూ, కదిలే చోట్లకూ పల్చటి యంత్రపు నూనె ఒక చుక్క వేసి తుడవాలి. తాళంచెవి దూర్చే కంతలో నూనె పొయ్యకూడదు. దుమ్ము పట్టి జిగురవుతుంది. దానికి గ్రాఫైటు పొడి మేలు. చట్రం అడుగున నీళ్లు పోయే కంతలు మూసుకుపోకుండా చూడాలి. అన్నిటికీ మించి, పిడి రాకపోతే బలం చూపించకూడదు. ఈ చివరిమాట అంటూ నావైపు చూశాడు.

ఇప్పుడు హైదరాబాదులోనూ, విశాఖపట్నంలోనూ కొత్త ఫ్లాట్లకు ఇవే ప్లాస్టిక్కు కిటికీలు వస్తున్నాయి. పిడి ఊడిందనో, రెక్క వాలిందనో మొత్తం మార్పించేముందు, తెరిచిపెట్టి ఒకసారి పిడి తిప్పి చూడండి. పిల్లల గది కిటికీ తెరుచుకుంటుందో లేదో మాత్రం ఇవాళే చూడండి.

ఆ ఏడు మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి జరిగింది. పెళ్లికి వచ్చిన మావాడు రాత్రి పొద్దుపోయాక వీధి తలుపు వేస్తూ, అడ్డగడియ పట్టక అవస్థ పడుతున్నాడు. లేచి వెళ్లి, "ఒరేయ్, ముందు ఎత్తాలి, తరవాత తొయ్యాలి" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. బందుకు మాత్రం మా ఆవిడ కొబ్బరినూనె వేసింది.