పెట్టెలో దాచిన వీరనారి

మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో బొమ్మ అంటే సంతలో కొన్న ప్లాస్టిక్ బొమ్మ, లేదా తెల్ల పొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మ. అయితే 1985లో అమెరికాలో మాటెల్ కంపెనీవారు ఒక కార్టూన్ కథానాయికను బొమ్మగా చేసి అమ్మారు. ఆమె పేరు షీ-రా. సుమారు 5.5 అంగుళాల ఎత్తు, దువ్వుకోదగిన జుట్టు, చేతిలో కత్తి, తోడుగా స్విఫ్ట్ విండ్ అనే రెక్కల గుర్రం.

కథలో ఆమె హీ-మ్యాన్‌కు కవల సోదరి, అసలు పేరు అడోరా. పసితనంలోనే శత్రువు ఆమెను ఎత్తుకుపోయి తన పక్షాన పెంచాడు. నిజం తెలిసిన తరువాత ఆమె బాధింపబడిన ప్రజల పక్షాన నిలిచింది.

ఆనాటి పిల్లలు ఇప్పుడు పెద్దవారై ఈ బొమ్మలను సేకరిస్తున్నారు. కత్తి, కిరీటం పోకుండా ఉన్నదానికి వెల ఎక్కువ. పెట్టె విప్పనిదానికి మరీ ఎక్కువ. అనగా ఏ బిడ్డా ఆడుకోని బొమ్మకే ఎక్కువ ధర!

అంత ఖరీదు బొమ్మలు మనకు అక్కరలేదు. కానీ ఆ కథ మన ఆడపిల్లలకు చెప్పదగినదే. చెప్పి ఊరుకోక, పత్తితీత, మిరపకోతల రోజుల్లో వారిని చేలకు గాక బడికే పంపుదాం.