మినిమం బ్యాలెన్స్ లేదని అకౌంట్ మైనస్‌లోకి వెళ్లిందా? ఆ డబ్బు వెనక్కి అడిగే దారి ఇదే..!

పాత అకౌంట్‌లో చాలా రోజుల తర్వాత 2 వేలు వేశారు. పడిందని మెసేజ్ వచ్చింది. నిమిషం తిరక్కుండానే ఇంకో మెసేజ్.. ఛార్జీల కింద డబ్బు కట్ అయిందని! బ్రాంచికి వెళ్లి అడిగితే 'మినిమం బ్యాలెన్స్ పెట్టలేదు కదండీ, సిస్టమే కట్ చేసింది' అనే సమాధానం. చాలామంది అక్కడితో వదిలేస్తారు. వందల్లోనే కదా పోయింది అనుకుంటారు. కానీ ఆ వందలన్నీ కలిస్తే ఎంతో తెలుసా? 2019-20 నుంచి 2023-24 వరకు ఐదేళ్లలో ప్రభుత్వ రంగ బ్యాంకులు ఈ పద్దు కింద వసూలు చేసింది దాదాపు 8,500 కోట్ల రూపాయలు. 2024 జులైలో కేంద్రం పార్లమెంటులో చెప్పిన లెక్క ఇది. ప్రైవేటు బ్యాంకుల వసూళ్లు ఇందులో లేవు.

అయితే బ్యాంకు కట్ చేసిన ప్రతి రూపాయీ రూల్ ప్రకారమే కట్ అయిందని అనుకోవాల్సిన పనిలేదు. ఈ ఛార్జీ వేయడానికి రిజర్వ్ బ్యాంకు కొన్ని షరతులు పెట్టింది. వాటిని పాటించకుండా తీసుకున్న డబ్బును వెనక్కి అడిగే హక్కు ఖాతాదారుకు ఉంది.

అసలు ఈ ఛార్జీ ఎలా పడుతుంది?

సేవింగ్స్ ఖాతాలో నెలకు లేదా మూడు నెలలకు సగటున ఇంత ఉండాలని బ్యాంకు ముందే చెబుతుంది. మెట్రోలో ఒక మొత్తం, పట్టణంలో ఒకటి, పల్లెలో ఇంకొకటి. చాలామంది పొరపడేది ఇక్కడే. రోజూ ఖాతాలో 10 వేలు ఉండాలని కాదు, నెల సగటు 10 వేలు రావాలి. రోజూ రాత్రికి ఖాతాలో మిగిలిన మొత్తాలన్నీ కూడి, నెలలోని రోజులతో భాగిస్తే వచ్చేదే ఆ సగటు. 30 రోజుల నెలలో లక్ష రూపాయలు మూడు రోజులు ఉండి, మిగతా 27 రోజులు సున్నా ఉన్నా సగటు 10 వేలే. సో, ఛార్జీ పడిందంటే ముందు ఈ లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి.

సగటు తగ్గితే తగ్గిన మేరకు ఛార్జీ. దానిపై 18 శాతం జీఎస్టీ అదనం.

మైనస్ ఎలా అవుతుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఉద్యోగిని కంపెనీ మారారు అనుకుందాం. కొత్త కంపెనీ వేరే బ్యాంకులో శాలరీ అకౌంట్ తెరిచింది. పాతదాంట్లో 1,200 రూపాయలు మిగిలాయి. కొన్ని నెలలు జీతం పడకపోయేసరికి బ్యాంకు దాన్ని మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్చేసింది. అప్పటిదాకా జీరో బ్యాలెన్స్.. ఇప్పుడు నెల సగటు 10 వేలు ఉండాలి. తగ్గిన మొత్తంలో 6 శాతం లేదా 500, ఏది తక్కువైతే అది ఛార్జీ అనుకుందాం.

మొదటి నెల తగ్గింది 8,800. అందులో 6 శాతం 528. కాబట్టి 500 పడుతుంది. జీఎస్టీతో 590. మిగిలింది 610. రెండో నెల మళ్లీ 590. మిగిలింది 20 రూపాయలు. మూడో నెల ఇంకో 590 కట్ చేస్తే బ్యాలెన్స్ మైనస్ 570! ఆమె ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. అయినా బ్యాంకుకు బాకీ పడ్డట్టు చూపిస్తోంది. ఏడాది తర్వాత ఎవరైనా పాత నంబర్‌కు డబ్బు పంపితే వచ్చింది వచ్చినట్టే పోతుంది.

ఓవర్‌డ్రాఫ్ట్ అంటే బ్యాంకు ముందుగా ఒప్పుకుని ఇచ్చే అప్పు. ఇక్కడ అప్పు అడిగిన వాళ్లు లేరు, ఇచ్చిన వాళ్లు లేరు. కేవలం ఛార్జీలే అప్పుగా మారాయి. సరిగ్గా దీన్నే ఆర్బీఐ వద్దంది.

ఆర్బీఐ ఏం చెప్పింది?

2014 నవంబర్ 20న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అందులోని ముఖ్యమైన విషయాలు ఇవి..

ఒకటి, బ్యాలెన్స్ తగ్గిందని ఖాతాదారుకు ముందు చెప్పాలి. ఎస్ఎంఎస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా స్పష్టంగా తెలియజేయాలి. నోటీసు ఇచ్చిన నెలలోగా బ్యాలెన్స్ నింపకపోతే ఛార్జీ పడుతుందని చెప్పాలి.

రెండు, ఆ నోటీసు తర్వాత కనీసం ఒక నెల గడువు ఇవ్వాలి. గడువు దాటాకే ఛార్జీ వేయాలి. అదీ ఖాతాదారుకు తెలియజేసి.

మూడు, ఛార్జీ తగ్గిన మొత్తానికి తగ్గట్టు ఉండాలి. 200 తగ్గినవాళ్లకూ, 9 వేలు తగ్గినవాళ్లకూ ఒకే బాదుడు కుదరదు. బ్యాంకులు శ్లాబులు పెట్టుకోవచ్చు.

నాలుగు, కేవలం మినిమం బ్యాలెన్స్ ఛార్జీల వల్ల సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి వెళ్లకూడదు.

ఈ నాలుగింటిని మన ఉదాహరణకు పెట్టి చూస్తే.. మూడో నెల మైనస్ 570 నేరుగా నాలుగో రూల్‌కు విరుద్ధం. మొదటి రెండు నెలల 1,180 మాటేమిటి? నెల ముందు నోటీసు ఇచ్చారా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఇవ్వలేదంటే అదీ అడగొచ్చు.

ఎవరికి ఈ ఛార్జీ అసలు పడకూడదు?

జన్‌ధన్‌తో పాటు బేసిక్ సేవింగ్స్ ఖాతాలన్నింటికీ మినిమం బ్యాలెన్స్ రూల్ లేదు. రెండేళ్లకు పైగా ఖాతాదారు లావాదేవీ ఏదీ చేయక వాడకంలో లేనిదిగా మారిన ఖాతాకు కూడా ఈ ఛార్జీ వేయకూడదు. అలాంటి ఖాతాను మళ్లీ యాక్టివ్ చేయడానికీ ఫీజు తీసుకోకూడదు. ప్రభుత్వ పథకాల డబ్బు కోసం, స్కాలర్‌షిప్ కోసం తెరిచింది జీరో బ్యాలెన్స్ ఖాతానే అయితే అందులోంచి ఈ పేరుతో డబ్బు పోవడం తప్పే. అందుకే పెన్షన్ డబ్బో, పంట సాయమో పడగానే కోత కనిపిస్తే ముందు అడగాల్సిన ప్రశ్న.. 'మా ఖాతా ఏ రకం?'

ఇక స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే అన్ని సేవింగ్స్ ఖాతాలకూ ఈ ఛార్జీ ఎత్తేసింది. కెనరా బ్యాంకు 2025 జూన్ 1 నుంచి తీసేసింది. ఆ తర్వాత మరికొన్ని ప్రభుత్వ బ్యాంకులూ అదే దారి పట్టాయి. కానీ ఎత్తేయక ముందు పడిన ఛార్జీలు వాటంతట అవే తిరిగి రావు. ప్రైవేటు బ్యాంకుల్లో చాలావరకు ఈ రూల్ ఇంకా ఉంది. బ్యాలెన్స్ ఎంత ఉండాలన్నది ఆర్బీఐ బ్యాంకుల ఇష్టానికే వదిలేసింది.

ఏది అడగాలి.. ఏది అడిగినా లాభం లేదు?

ఇక్కడే చాలా ఫిర్యాదులు వీగిపోతాయి. 'మీ ఛార్జీ మరీ ఎక్కువ, అన్యాయం' అని రాస్తే పని జరగదు. ఎంత బ్యాలెన్స్ పెట్టాలి, ఎంత రేటు అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం అని తోసిపుచ్చే అవకాశం ఎక్కువ. అదే 'నెల ముందు నోటీసు ఏదీ? ఏ తేదీన, ఏ నంబర్‌కు పంపారు? ఖాతా ఎందుకు మైనస్ అయింది?' అని అడిగితే బ్యాంకు రికార్డు చూపించాల్సిందే. చూపించలేకపోతే అది సేవాలోపం.

ఇంకో విషయం. ఈఎంఐ ఆటో డెబిట్ ఫెయిలైనందుకు వేసే ఛార్జీ, చెక్ బౌన్స్ ఛార్జీ, ఏటీఎం కార్డు ఏడాది ఫీజు.. ఇవి వేరు. పైన చెప్పిన నాలుగు రూల్స్ వీటికి వర్తించవు. అన్నీ కలిపి ఒకే ఫిర్యాదులో కుక్కితే అసలు విషయం పక్కకు పోతుంది.

డబ్బు వెనక్కి రాబట్టడం ఎలా?

స్టెప్ 1: స్టేట్‌మెంట్ తీయండి. యాప్‌లో లేదా నెట్ బ్యాంకింగ్‌లో గత మూడేళ్ల స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసుకోవాలి. మినిమం బ్యాలెన్స్, ఏఎంబీ, నాన్ మెయింటెనెన్స్ అని ఉన్న కోతలన్నీ తేదీలతో రాసుకోవాలి. పక్కనే పడిన జీఎస్టీని కూడా కలపాలి. ఖాతా ఏ రోజు మైనస్ అయిందో గుర్తు పెట్టుకోవాలి.

స్టెప్ 2: మెసేజ్‌లు వెతకండి. బ్యాంకు నుంచి వచ్చిన ఎస్ఎంఎస్‌లు, ఈమెయిల్స్ చూడాలి. స్పామ్ ఫోల్డర్ మర్చిపోవద్దు. నోటీసు నిజంగానే వచ్చి ఉంటే 'రాలేదు' అని రాయొద్దు. అక్కడే కేసు పోతుంది. ఫోన్ నంబర్ మారినా బ్యాంకులో మార్చుకోకపోతే తప్పు మన వైపు వస్తుంది.

స్టెప్ 3: బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నోటిమాట లెక్కలోకి రాదు. బ్రాంచిలో ఇస్తే కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోవాలి. యాప్‌లో అయితే ఫిర్యాదు నంబర్ స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. లేఖ పెద్దగా అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు..

'అయ్యా, నా సేవింగ్స్ ఖాతాలో ఫలానా తేదీల్లో మినిమం బ్యాలెన్స్ ఛార్జీల కింద మొత్తం ఇన్ని రూపాయలు, జీఎస్టీతో సహా, తీసుకున్నారు. 2014 నవంబర్ 20 నాటి ఆర్బీఐ సర్క్యులర్ ప్రకారం నెల ముందు నాకు నోటీసు ఇవ్వలేదు. ఫలానా తేదీన కేవలం ఈ ఛార్జీల వల్లే నా ఖాతా మైనస్‌లోకి వెళ్లింది. నోటీసు పంపి ఉంటే తేదీ, కాపీ ఇవ్వగలరు. లేకుంటే ఆ మొత్తాన్ని తిరిగి జమ చేసి, మైనస్ బ్యాలెన్స్ తొలగించగలరు.'

చాలా సందర్భాల్లో ఇక్కడే తేలిపోతుంది. 'ఈసారికి సగం ఇస్తాం' అని ఫోన్‌లో చెబితే, అదే మాట ఈమెయిల్‌లో పెట్టమని అడగండి.

స్టెప్ 4: 30 రోజులు ఆగండి. ఆ లోపు జవాబు రాకపోయినా, ఫిర్యాదు తిరస్కరించినా, వచ్చిన జవాబుతో తృప్తి లేకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. 2021 నవంబర్ 12 నుంచి దేశమంతటికీ ఒకే అంబుడ్స్‌మన్ పథకం వచ్చింది. హైదరాబాద్ ఖాతా అయినా, శ్రీకాకుళం ఖాతా అయినా ఆర్బీఐ వారి సీఎంఎస్ పోర్టల్‌లోనే ఫిర్యాదు. ఆన్‌లైన్ రాని వాళ్లు చండీగఢ్‌లోని ఆర్బీఐ కేంద్రానికి పోస్టులో పంపొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. సందేహాలుంటే 14448 నంబర్‌కు కాల్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేయకుండా నేరుగా ఇక్కడికి వస్తే మాత్రం తీసుకోరు. 2021 నాటి పథకంలో ఏడాది గడువు ఉన్నా, నెల దాటగానే వెళ్లడమే మంచిది.

స్టెప్ 5: అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. అయితే ఒకే విషయంపై ఒకేసారి రెండు చోట్లా వెళ్లకూడదు.

జాగ్రత్త.. ఈ పని పేరుతో మోసాలు!

'మీ బ్యాంకు ఛార్జీలు రీఫండ్ చేస్తాం, ఓటీపీ చెప్పండి' అని ఫోన్ వస్తే అది కచ్చితంగా మోసమే. రీఫండ్ ఇవ్వడానికి బ్యాంకుకు ఓటీపీ, పిన్, కార్డు నంబర్ ఏవీ అవసరం లేదు. డబ్బు తీసుకున్న ఖాతాలోకే తిరిగి వేస్తారు. కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతకొద్దు, పాస్‌బుక్ మీదో కార్డు వెనకో ఉన్న నంబర్‌కే చేయండి.

మళ్లీ పడకుండా ఏం చేయాలి?

ఉద్యోగం మారితే పాత శాలరీ అకౌంట్‌ను అలా వదిలేయొద్దు. అవసరం లేకపోతే క్లోజ్ చేయాలి. మైనస్ ఉందని, అది కట్టాకే క్లోజ్ చేస్తామని అంటే వెంటనే కట్టేయకండి. ముందు పైన చెప్పినట్టు రాతపూర్వకంగా అడగాలి. ఖాతా కావాలి కానీ బ్యాలెన్స్ పెట్టలేం అనుకుంటే బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని దరఖాస్తు ఇవ్వొచ్చు. ఒక బ్యాంకులో ఆ ఖాతా తెరిస్తే అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు.

మన ఉదాహరణలోని ఉద్యోగినికి రావాల్సింది మహా అయితే 1,200 రూపాయలు, పోవాల్సింది మైనస్ 570. లీవు పెట్టుకుని బ్రాంచి చుట్టూ తిరిగేంత మొత్తం కాదు నిజమే. కానీ ఒక స్టేట్‌మెంట్, ఒక ఉత్తరం, నెల రోజుల ఓపిక.. ఇంతే ఖర్చు. 590 చొప్పున పోయే డబ్బును ఎవరూ అడగరన్న ధీమాతోనే ఆ కోత సాగుతుంది. అడిగితే బ్యాంకు రికార్డు తీయాలి. తీసిన రోజున ఎవరి లెక్క తప్పో తేలిపోతుంది.