వణుకుకు వణుకే మందా?

పార్కిన్సన్స్ ఉన్న మనిషిని గతుకుల రోడ్డు మీద గంటలకొద్దీ తిప్పితే ఏమవుతుంది? ఒళ్లు హూనమవుతుందనే ఎవరైనా అనుకుంటారు. పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో పనిచేసిన నరాల వైద్యుడు జాన్ మార్టిన్ షార్కోతో మాత్రం రోగులు వేరే సంగతి చెప్పారు. రైల్లోనో గుర్రబ్బండిలోనో దూరం వెళ్లొస్తే ఒళ్లు తేలికపడుతోందని, ఆ హాయి కొంతకాలం నిలుస్తోందని. ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారేమో. షార్కో బండి కుదుపును ఆసుపత్రి గదిలోకే తెచ్చుకున్నాడు. అటూఇటూ చకచకా ఊగే కుర్చీ ఒకటి చేయించి, రోగులను రోజుకు అరగంట చొప్పున అందులో కూర్చోబెట్టాడు. నొప్పులు తగ్గాయి, నిద్ర పడుతోంది, ఒళ్లు పట్టు వదిలింది అన్నారు వాళ్లు. వణుకు మాత్రం పెద్దగా మారలేదు. 1892లో ఆయన ఈ సంగతులన్నీ పాఠంగా చెప్పాడు. మరుసటి ఏడే చనిపోవడంతో ఆ పని అక్కడే ఆగిపోయింది.

ఆ కుర్చీ ఇప్పుడు పీట రూపంలో తిరిగొచ్చింది. దాని మీద మోకాళ్లు కాస్త వంచి, ఎదురుగా ఉన్న కడ్డీ పట్టుకుని నిలబడతారు. స్విచ్ వేయగానే కాళ్ల కింది పలక అదురుతుంది, ఆ అదురు పిక్కల్లోంచి నడుముదాకా పాకుతుంది. ఒక నిమిషం అయ్యాక కాస్త విశ్రాంతి, మళ్లీ ఒక నిమిషం. జర్మనీ పరిశోధకులు 2006లో 68 మంది రోగులను ఇలా ఐదు విడతలు నిలబెట్టి, వెంటనే పరీక్షించారు. కదలికల్లో ఇబ్బందిని కొలిచే స్కోరు సగటున 17 శాతం దాకా మెరుగుపడింది. వణుకు, బిగుసుకుపోవడం నాలుగో వంతు తగ్గాయి. దీనికి చెప్పే కారణం కూడా సబబుగానే వినిపిస్తుంది. ఈ జబ్బులో మెదడు లోతుల్లో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతుంటాయి, కాళ్లూచేతులూ ఎక్కడున్నాయో ఒంటికి తెలిసే తెలివి కూడా మందగిస్తుంది. కండరాలను అదిరేలా చేస్తే వాటినుంచి మెదడుకు సంకేతాలు దండిగా వెళ్లి, ఆ లోటు కొంత పూడుతుందని వాదన.

ఇక్కడే ఒక మెలిక ఉంది. జర్మనీ ప్రయోగంలో చికిత్సను పోల్చింది ఊరికే విశ్రాంతి తీసుకోవడంతో. మెషిన్ ఎక్కినవాళ్లకు ఎక్కామని తెలుసు, ఎక్కనివాళ్లకూ తెలుసు. స్పెయిన్‌లో 2009లో ఈ లొసుగును సరిచేశారు. ఒక జట్టుకు నిజమైన అదురు, రెండో జట్టుకు అదే తతంగం అదురు లేకుండా. పన్నెండు సార్లు చేశాక చూస్తే రెండు జట్లూ మెరుగయ్యాయి, తేడా మాత్రం లేదు. చికాగోలో 2012లో షార్కో ప్రయోగాన్నే మళ్లీ చేసి చూశారు. కొందరికి అదిరే కుర్చీ, కొందరికి కుర్చీలో కూర్చుని మనసుకు హాయిగొలిపే శబ్దాలు వినడం మాత్రమే. నెల రోజులు, రోజూ అరగంట. అక్కడా అంతే, రెండు జట్లకూ బాగుంది, రెండింటికీ ఒకేలా బాగుంది. అంటే మేలు జరగలేదని కాదు. జరిగిన మేలును అదురు ఖాతాలో వేయలేమని.

మరి ఎవరి ఖాతాలో వేయాలి? కెనడాలోని వాంకూవర్‌లో 2001లో దీనికి చాలావరకు జవాబు దొరికింది. పార్కిన్సన్స్ రోగులకు మందు అని నమ్మించి, మందు లేని ఇంజెక్షన్ ఇచ్చి మెదడు స్కాన్ తీశారు. వాళ్ల మెదడులో డోపమైన్ నిజంగానే విడుదలైంది. బాగుపడతామన్న ఆశే ఈ జబ్బులో కొరవడిన పదార్థం కాసేపు ఊరేలా చేస్తుందన్నమాట. మిగతా జబ్బుల కంటే ఇందులో ఉత్తుత్తి మందును లెక్కలోంచి తీసేయడం అందుకే ఎక్కువ అవసరం. రోగి అబద్ధం ఆడడు, ఇంట్లోవాళ్లూ ఆడరు, అయినా మెషిన్ గొప్పతనం రుజువు కాదు.

ఎందువల్ల తగ్గితేనేం, తగ్గింది కదా అనేవాళ్లుంటారు. నిజమే, షార్కో రోగుల నిద్రను ఎవరూ కాదనక్కర్లేదు. కానీ ఈ జబ్బు ఏళ్ల తరబడి సాగేది, మనిషికి రోజులో ఓపిక ఉండేది కొన్ని గంటలే. ఆ ఓపికను, డబ్బును ఎక్కడ పెట్టాలన్నది అసలు లెక్క. అమెరికాలో 195 మందితో చేసి 2012లో ప్రచురించిన ప్రయోగంలో, వారానికి రెండుసార్లు తాయ్ చీ అనే చైనా వ్యాయామం నేర్చుకున్నవాళ్ల నిలకడ బరువులతో వ్యాయామం చేసినవాళ్ల కంటే, ఊరికే ఒళ్లు సాగదీసినవాళ్ల కంటే బాగా మెరుగుపడింది. దానికి కావలసింది నేర్పే మనిషి, కాస్త ఖాళీ జాగా. పైగా అదురు ఎప్పుడూ మంచిదేమీ కాదు. ట్రాక్టర్లు, లారీలు నడిపేవాళ్ల నడుములు పాడవకుండా, పనిలో ఒళ్లు ఎంత అదరవచ్చో యూరప్‌లో చట్టమే హద్దు పెట్టింది.

పాతవాళ్లు కనిపెట్టిన దాన్ని ఆధునిక వైద్యం కొట్టిపారేస్తోందనే మాటా వినిపిస్తుంది. దూలగొండి సంగతి చూడండి. ఆయుర్వేదంలో వాడిన ఆ గింజల నుంచి 1937లో మద్రాసు శాస్త్రవేత్తలు లెవోడోపాను వేరుచేశారు. తర్వాత ముప్పై ఏళ్లకు అదే పదార్థం పార్కిన్సన్స్‌కు ప్రధాన మందుగా నిలబడింది. పాతదని దాన్నెవరూ తోసేయలేదు. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: స్పెయిన్, చికాగో ప్రయోగాల్లో ఒక్కోదానిలో ఉన్నది ఇరవై మూడు మందే. చిన్న మేలేదైనా ఉంటే అంత తక్కువమందిలో కనపడకపోవచ్చు. ఒప్పుకోవాల్సిందే. పైగా ఒక్కో మెషిన్ వేగం ఒక్కో రకం, కొన్నిటి మీద నిలబడాలి, కొన్నిటిలో కూర్చోవాలి, కాబట్టి ఫలితాలన్నీ కలిపి లెక్కకట్టడమూ తేలిక కాదు. రుజువు కావాల్సింది ఇంకా మిగిలే ఉంది. అయితే రుజువు చూపాల్సింది మెషిన్ అమ్మేవాళ్లు, కొనేవాళ్లు కాదు.

వెళ్లే ఫిజియోథెరపీ సెంటర్లోనే ఆ పీట ఉండి, ఎక్కితే హాయిగా ఉంటే మానమనక్కర్లేదు. ఎముకలు గుల్లబారినవాళ్లు, ఒంట్లో ఏదైనా పరికరం అమర్చుకున్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి. మాత్ర వేళ తప్పకూడదు. నడక మానకూడదు.