గ్రాంటు సొమ్ము – గ్రామపు పదవ వంతు

గ్రామమునకు గ్రాంటు మంజూరైనదను వార్త వచ్చినంతనే పంచాయతీ సభ్యులు మొదట అడుగునది 'ఎంత?' అని; రెండవది 'ఎప్పుడు చేతికందును?' అని. రెండును అడుగవలసిన ప్రశ్నలే. కాని చెక్‌డ్యాము, ఊటకుంట, చెరువు పూడికతీత, బంజరు భూములలో చెట్ల పెంపకము మొదలగు పనుల విషయమున మూడవ ప్రశ్న ఒకటి కలదు. గ్రాంటు సొమ్ము వ్యయమైపోయిన పిదప ఆ పనిని ఎవరు, ఏ సొమ్ముతో నిలుపుకొందురు? ఈ వ్యాసమున మేము ముఖ్యముగా ఆ మూడవ ప్రశ్ననే వివరింపదలచితిమి.

రాయలసీమలోని ఒక గ్రామమున మేము ఒక చెక్‌డ్యామును చూచితిమి. కట్టినపుడు పని బాగుగనే జరిగినది. నాలుగైదు వానకాలములు వాగులో నీరు నిలిచి, దిగువ బావులకు ఊట పెరిగినది. పిమ్మట ఒక వరదకు గోడ ప్రక్కనున్న మట్టి కొంత కోసుకొనిపోయినది. ఆనాడు పదిబండ్ల రాయి, కొన్ని బస్తాల సిమెంటు ఉన్నచో సరిపోయెడిది. ఎవరును పట్టించుకొనలేదు. మూడవ ఏటికి వాగు గోడను చుట్టి, తనకొక క్రొత్త దారి చేసికొని పోయినది. నేడు గోడ చెక్కుచెదరక నిలిచియున్నది. నీరు మాత్రము దాని ప్రక్కనుండి పోవుచున్నది. విచారింపగా తెలిసిన సంగతి ఏమనగా, ఆ గ్రామమునకు మరమ్మతుల కొరకే ఉద్దేశింపబడిన నిధి ఒకటి బ్యాంకులో ఉన్నది. పాసుపుస్తకము మాజీ కార్యదర్శి ఇంట పెట్టెలో ఉన్నది. సంతకము చేయవలసిన ఇద్దరిలో ఒకరు మరణించిరి. రెండవవారు పట్టణమునకు వలసపోయిరి. సొమ్ము లేక కాదు, సొమ్మును కదిలించువారు లేక ఆ పని చెడినది.

ఆ నిధి ఎక్కడి నుండి వచ్చినదో తెలిసికొనుట అవసరము. వానాధార ప్రాంతముల అభివృద్ధి పథకములను పరిశీలించుటకు నియమింపబడిన సంఘమునకు తెలుగువారైన ఆర్థికశాస్త్రవేత్త సి. హెచ్. హనుమంతరావుగారు అధ్యక్షత వహించిరి. ఆ సంఘము 1994లో చేసిన సిఫారసులను అనుసరించి 1995 ఏప్రిల్ నుండి దేశమంతట వాటర్‌షెడ్ పనులకు క్రొత్త నియమములు అమలులోనికి వచ్చినవి. అంతకు ముందు శాఖలవారు పని నిర్ణయించి, శాఖలవారే చేయించి వెళ్ళెడివారు. క్రొత్త పద్ధతిలో గ్రామస్థుల సంఘమే ప్రణాళిక వేయవలెను. సొమ్ము సంఘపు ఖాతాకు రావలెను. గ్రామస్థులు తమ వంతు చెల్లింపవలెను. 2003లో 'హరియాలి' పేరుతో ఈ బాధ్యత గ్రామ పంచాయతీలకు మరింత దగ్గరగా వచ్చినది. 2008లో అన్ని శాఖలకు ఉమ్మడి నియమావళి ఏర్పడినది. దాని ప్రకారము వాటర్‌షెడ్ కమిటీని గ్రామసభయే ఏర్పరచవలెను. అందు పదిమందికి తక్కువ కాకుండ సభ్యులుండవలెను. వారిలో సగము మంది స్వయంసహాయక సంఘములు, వినియోగదారుల సంఘములు, షెడ్యూల్డు కులములు, తెగలు, స్త్రీలు, భూమిలేనివారు – వీరి ప్రతినిధులై యుండవలెను.

గ్రామస్థుల వంతు ఎంత? 2008 నియమావళి ప్రకారము సొంత భూములలో జరుగు పనులకు వ్యయములో కనీసము నూటికి పది. షెడ్యూల్డు కులములు, తెగలవారు, చిన్న సన్నకారు రైతులు అయినచో నూటికి ఐదు. ఈ సొమ్ము ప్రభుత్వమునకు పోవునది కాదు. 'వాటర్‌షెడ్ అభివృద్ధి నిధి' అను పేర గ్రామమునకే మిగులును. ఒక లెక్క చూపెదము. ఒక గ్రామమున సొంత భూములలో గట్లు, నీటికుంటలు మొదలగు పనులు 20 లక్షల రూపాయలకు జరిగినవనుకొందము. అందు సగము పెద్ద రైతుల భూములలో, సగము చిన్న రైతుల భూములలో జరిగినచో, మొదటివారి నుండి 1 లక్ష, రెండవవారి నుండి 50 వేలు, మొత్తము లక్షన్నర నిధిలో చేరును. ఇందు కనీసము సగమును ఊరుమ్మడి కట్టడముల మరమ్మతులకే కేటాయింపవలెను. మిగిలినదానిని చందా చెల్లించినవారికి అప్పులుగా ఇచ్చి తిరిగి రాబట్టుకొనవచ్చును. ఒకరి సొంత పొలములోని పనికి ఈ నిధి నుండి మరమ్మతు చేయరాదు. పైన చెప్పిన గ్రామపు పెట్టెలోనున్న పాసుపుస్తకము ఇట్టి నిధిదే.

వంతును రొక్కముగ చెల్లింపలేనివారు శ్రమగా చెల్లింపవచ్చును. అప్పుడు వారి శ్రమకు తగిన వెలను పథకపు ఖాతా నుండి నిధి ఖాతాకు మార్చవలెను. ఇచ్చటనే ఒక పెద్ద అన్యాయమునకు సందు కలదు. దీనిని గూర్చి కొంత కఠినముగ చెప్పక తప్పదు. రైతు తన వంతు ఇయ్యడు. కమిటీవారు అతనిని గట్టిగా అడుగరు. మస్టరులో కూలీ పేర పూర్తి కూలి వ్రాసి, అందు నూటికి పది తగ్గించి చేతికిత్తురు. తగ్గించిన సొమ్ము 'గ్రామస్థుల చందా'గా నిధిలో చేరును. కాగితముల మీద అంతయు సవ్యముగనే కనబడును. కాని గట్టు పడినది భూస్వామి పొలములో. పదవ వంతు చెల్లించినది భూమిలేని కూలీ. ఇట్టి సంగతులు బహుగ్రామములలో జరుగుటచేతనే, మేలు పొందు రైతే చందా ఇయ్యవలెననియు, పనిచేసినవారి కూలి నుండి కోయరాదనియు 2008 నియమావళిలో స్పష్టముగ వ్రాయబడినది. ప్రతి సభ్యుడును తన గ్రామపు చందా పుస్తకము తెప్పించి, రసీదులు ఎవరి పేర ఉన్నవో చూడవలెను. రసీదులే లేకపోయినచో విషయము చెప్పకనే తెలియును.

పదవ వంతు అను మాట మన నేలకు క్రొత్తది కాదు. రాయలసీమలో 'దశబంధము' అను ఏర్పాటు పూర్వము వ్యాప్తిలో ఉండెడిది. చెరువు కట్టించిన లేక బాగుచేయించిన వారికి, అందుకు ప్రతిఫలముగ, శిస్తులోనో భూమిలోనో పదవ వంతును విడిచిపెట్టెడివారు. దశబంధపు ఇనాములు అనుభవించువారు కట్టను, తూమును చక్కగా నిలుపవలెనను షరతు దానితోపాటే ఉండెడిది. అనగా చెరువు కట్టునపుడే దాని మరమ్మతునకు ఆదాయమును ఏర్పరచెడివారు. ఆనాటి ఇనాములు తిరిగి రావలెనని మా అభిప్రాయము కాదు. వానిలో అసమానతలు లేకపోలేదు. కట్టుబడికిని నిర్వహణకును గల ముడిని వారు విప్పలేదన్నదే మా మాట.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనము ఇట్టి విషయములకు పెద్ద బాలశిక్ష వంటిది. 1369లో విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములును, చెరువునకు రాగూడని ఆరు దోషములును అందు లెక్కింపబడినవి. దోషములు ఇవి: కట్ట నుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, చెరువు నడుమ తాబేటి వీపు వలె మెట్ట యుండుట, నీరు కొంచెము, ఆయకట్టు విస్తారము అగుట, స్థలము కొంచెము, వచ్చు నీరు విస్తారము అగుట. అంచనా వేయు ఇంజనీరు మొదటి రెండింటిని, నాలుగవ, ఆరవ దోషములను చూచుకొనును. మిగిలిన రెండును పంచాయతీయే చూడవలసినవి. పొలిమేర తగవున్నచోట గ్రాంటు వచ్చినను పని సాగదు. ప్రక్క గ్రామ పంచాయతీతో ముందుగా ఉమ్మడి తీర్మానము చేసికొనుట మేలు. కొంచెము నీటికి పెద్ద ఆయకట్టు చూపి గ్రాంటు సంపాదించినచో, చివరి పొలముల వారికి ఏటేట తగవు మిగులును.

గ్రామపు వంతు రొక్కముగనే ఉండనక్కరలేదనుటకు ఇటీవలి ఉదాహరణ తెలంగాణమున కలదు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పథకమున చెరువుల పూడికను ప్రభుత్వ వ్యయముతో ప్రొక్లెయినులు త్రవ్విపోయగా, ఆ మట్టిని తమ పొలములకు తరలించుకొను ఖర్చును రైతులే భరించిరి. పూడికమట్టి ఇసుకనేలలకు సత్తువనిచ్చును, తేమను పట్టియుంచును. కనుక రైతు ట్రాక్టరు బాడుగ ఇచ్చుట దానము కాదు, తన లాభమునకు తానిచ్చు వెల. లాభము కంటికి కనబడినచోట వంతు అడుగుట సులభము. కనబడనిచోట, ముఖ్యముగ గుట్టలమీద పనులలో, కష్టము. గట్టు నుండి పల్లమునకు పని సాగవలెనను నియమము కలదు. పై వాలులో రాతికట్టలు, కందకములు లేనిదే దిగువ చెక్‌డ్యాము రెండేండ్లకే పూడిపోవును. కాని పై వాలున మేకలు మేపుకొనువారికి ఆ పనివలన మొదట వచ్చునది నష్టమే. చెట్లు నాటిన తావున రెండు మూడేండ్లు మేత మూయవలెను గదా. లాభము దిగువ బావుల వారిది. ఇట్టిచోట గొల్లలను, భూమిలేనివారిని గ్రామసభకు పిలువక తీర్మానము చేసినచో కంచె ఒక ఎండకాలము కూడ నిలువదు. మూసిన బీడునకు బదులు ఏ బీడు తెరచియుండునో, గడ్డి కోసికొను హక్కు ఎవరిదో తీర్మానములోనే వ్రాసికొనవలెను.

గ్రాంటును కట్టడములకే గాక తెలివికి వినియోగించిన ఉదాహరణ కూడ ఒకటి కలదు. 2003 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏడు కరవు జిల్లాలలో, నెదర్లాండ్సు ప్రభుత్వపు సహాయముతో, రైతులే భూగర్భజలమును కొలుచుకొను పథకము జరిగినది. తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. రైతులు, స్త్రీలు కూడ, బోరులలో నీటిమట్టమును, వానను తామే కొలిచి గోడలమీద వ్రాసిరి. రబీకి ముందు సభ చేసి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్కవేసిరి. వరి మానుమని ఎవరిని నిర్బంధింపలేదు. లెక్క చూచిన పిదప ఎవరి నిర్ణయము వారిదే. కొలబద్ద, తాడు, వానకొలత పాత్ర – ఇవి పెద్ద గ్రాంటు అవసరములేని వస్తువులు. ఊటకుంట కట్టిన తరువాత బావులలో నీరు పెరిగినదో లేదో ఇట్టి లెక్క లేనిచో చెప్పలేము. చెప్పలేనిచో దిగువ రైతును నిర్వహణకు వంతు అడుగుటయు కష్టమే.

ఇక పంచాయతీకి నేరుగా వచ్చు సొమ్ము. పదిహేనవ ఆర్థిక సంఘము 2021–26 ఐదేండ్లకు దేశములోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. అందు నూటికి అరువది వంతులు నిర్దిష్ట కార్యములకే: సగము పారిశుద్ధ్యమునకు, సగము త్రాగునీరు, వాననీటి నిలువ, వాడిన నీటిని తిరిగి వాడుకొనుట అను వానికి. వాననీటి నిలువ అను మాటను చాలమంది సభ్యులు గమనింపలేదు. త్రాగునీటి పంపుల మరమ్మతులతోనే ఆ భాగమును ముగించిరి. మిగిలిన నలువది వంతులను జీతములకు తప్ప స్థానికావసరములకు వాడుకొను స్వేచ్ఛ ఉండెను. పథకముల పేర్లు, వంతులు ఐదేండ్లకొకమారు మారుచుండును. కనుక క్రొత్త ఉత్తర్వులు వచ్చినపుడు మంజూరైన మొత్తమును గాక, ఏ పనికి కట్టబడినదో తెలుపు పేరాను మొదట చదువవలెను.

పేర్లను గూర్చి ఒక చిన్న హెచ్చరిక. 'వాటర్‌షెడ్ అభివృద్ధి నిధి' అను పేరుతోనే నాబార్డు బ్యాంకులో 1999–2000లో 200 కోట్లతో వేరొక నిధి ఏర్పడినది. అది పథకములకు సొమ్మునిచ్చు నిధి. గ్రామము తన వంతుతో కూడబెట్టుకొనునది వేరు. దరఖాస్తులలో ఈ రెంటిని కలిపి వ్రాసి త్రిప్పి పంపబడినవారు లేకపోలేదు. అట్లే 2002 నాటి జీవవైవిధ్య చట్టము క్రింద ప్రతి స్థానిక సంస్థకును జీవవైవిధ్య యాజమాన్య సంఘము, దానికొక స్థానిక నిధి ఉండుటకు ఏర్పాటు కలదు. ఊరి అడవి సంపదను వ్యాపారమునకు కొనిపోవువారి నుండి రావలసిన ప్రతిఫలము చేరుటకు అదియే తావు. సంఘము కాగితముపై మాత్రమే యున్నచో ఆ సొమ్మునకు గ్రామమున చిరునామా ఉండదు.

పాసుపుస్తకము సంగతికి తిరిగి వత్తము. మీ గ్రామమున గత ఇరువది యేండ్లలో వాటర్‌షెడ్ పని జరిగియున్నచో, నిధి ఖాతా ఏ బ్యాంకులో ఉన్నదో, సంతకములు ఎవరివో, నిలువ ఎంతయో రానున్న గ్రామసభ నాటికి తెలిసికొనుడు. సంతకము చేయువారు మారియున్నచో గ్రామసభ తీర్మానపు నకలుతో బ్యాంకువారికి దరఖాస్తు పెట్టి క్రొత్త పేర్లు వ్రాయింపవలెను. అప్పులుగా ఇచ్చినది వసూలు కానిచో బాకీదారుల పట్టికను సభలో చదివింపుడు. కట్టడముల పట్టిక వ్రాసి, వానకు ముందొకమారు, వాన వెలిసిన పిదప ఒకమారు, ఇద్దరు సభ్యులు స్వయముగ నడచి చూచి, పగుళ్ళు, కోతలు, పూడిక నమోదుచేయవలెను. ఆ నమోదు పుస్తకము, పాసుపుస్తకము రెండును ఎవరి ఇంటనో గాక పంచాయతీ కార్యాలయపు బీరువాలో ఉండవలెను.