మనసు విప్పి చెప్పిన మాట జట్టులో చోటుకు ముప్పు కారాదు
క్రీడా మనస్తత్వ నిపుణులకు గోప్యత, హద్దులు తప్పనిసరి

పోటీకి ముందు నిద్ర పట్టడం లేదని ఒక క్రీడాకారిణి మనస్తత్వ నిపుణుని వద్ద చెప్పుకుంటుంది. ఆ మాట మరునాటికి కోచ్ చెవిన పడి, తుది జట్టులో ఆమె పేరు గల్లంతైతే ఇక మనసు విప్పే వారెవరు? హకీంపేట, కడప పుట్లంపల్లి క్రీడా పాఠశాలల వంటి చోట్ల చిన్న వయసులోనే పిల్లలు ఇంటికి దూరంగా శిక్షణ పొందుతున్నారు. ఈ నేపథ్యంలో నిపుణుల వృత్తి నియమాలను తల్లిదండ్రులూ తెలుసుకోవడం అవసరం.

జీతం ఒకరిది, బాధ్యత మరొకరిపట్ల

నిపుణునికి జీతమిచ్చేది అకాడమీ లేదా క్రీడా సంఘం. సలహా పొందేది క్రీడాకారుడు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఏ విషయం కోచ్‌కు తెలుపుతారో, ఏది తెలుపరో తొలిరోజే స్పష్టం చేసి, సమ్మతి తీసుకోవాలి. నిపుణుడే ఎంపిక సంఘంలో కూర్చుంటే ఆ నమ్మకానికి తావుండదు.

2011 ప్రపంచకప్ గెలిచిన భారత క్రికెట్ జట్టుకు మానసిక శిక్షకునిగా పనిచేసిన ప్యాడీ ఆప్టన్, 2019లో వెలువరించిన పుస్తకంలో గౌతమ్ గంభీర్ మానసిక అభద్రత గురించి రాశారు. అందులో తప్పేమీ కనిపించలేదని గంభీర్ హుందాగా స్పందించారు. అయినా లోపలి మాటలను ఎంతవరకు బయటపెట్టవచ్చన్న ప్రశ్న మిగిలింది. పేరు ప్రతిష్ఠలున్న ఆటగాడు తట్టుకోగలడు. హాస్టల్లో ఉండే పద్నాలుగేళ్ల బాలిక తట్టుకోలేదు.

చనువుకు గీత

ఆసుపత్రి గదిలో కలిసే వైద్యుని వలె కాక క్రీడా నిపుణుడు జట్టుతో కలిసి ప్రయాణిస్తాడు, ఒకే హోటల్లో బస చేస్తాడు. చనువు త్వరగా పెరుగుతుంది. అందుకే హద్దులు మరింత కచ్చితంగా ఉండాలి. సలహా పొందుతున్న వారితో లైంగిక సంబంధాన్ని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళి పూర్తిగా నిషేధించింది. సేవలు ముగిసిన తర్వాత కూడా కనీసం 2 సంవత్సరాల వరకు ఈ నిషేధం వర్తిస్తుంది. మన దేశంలో, విదేశీ శిబిరంలో ఒక కోచ్‌పై ఫిర్యాదు రావడంతో, మహిళా క్రీడాకారులున్న బృందాల వెంట మహిళా కోచ్ ఉండాలని భారత క్రీడా ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఆదేశించింది.

గోప్యతకు మినహాయింపులు

గోప్యత అంటే నేరాన్ని దాచడం కాదు. 18 ఏళ్లలోపు వారిపై లైంగిక వేధింపులు జరిగినట్లు తెలిస్తే పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం నిర్దేశిస్తోంది. తెలిపకపోతే 6 నెలల వరకు జైలు, జరిమానా లేదా రెండూ విధించవచ్చు. మానసిక అనారోగ్యానికి చికిత్స పొందే వారి వివరాలకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యత హక్కు కల్పించింది. ప్రాణానికి ముప్పు ఏర్పడినప్పుడు అవసరమైనంత మేరకే సమాచారం వెల్లడించవచ్చు.

తల్లిదండ్రులు అడగవలసినవి

నిపుణుని విద్యార్హతలేమిటి? క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకుంటే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా? పిల్లలతో ఎక్కడ, ఏ వేళ మాట్లాడతారు? రాసుకున్న వివరాలు ఎవరి వద్ద ఉంటాయి? ఫిర్యాదు ఎవరికి చేయాలి? పిల్లలను చేర్పించే ముందే వీటికి స్పష్టమైన జవాబులు రాబట్టుకోవాలి. అదే సమయంలో, పిల్లలు నిపుణునితో ఏం చెప్పారని ఇంట్లో గుచ్చిగుచ్చి అడగడమూ తగదు. గోప్యత తల్లిదండ్రులకూ వర్తిస్తుందని గ్రహించాలి.