ఒకే గదిలో రెండు తేమలు

గడ్డిఅన్నారము వంటి క్రిక్కిరిసిన పేటలో పొలము మాట అటుంచి, పెరడు సైతము అరుదు. అయినను ఒక చల్లని గది, కొంత వరిగడ్డి, మంచి విత్తనము ఉన్నచో ముత్యపుచిప్ప పుట్టగొడుగులను ఇంటనే పండించుకొనవచ్చును. ఈ పంటకు ఎండతో పని లేదు. మొగ్గ తొడుగునప్పుడు కొద్దిపాటి వెలుతురు చాలును. ముఖ్యముగా కావలసినది గాలిలో తేమ. అది ఆ దశలో నూటికి 80 మొదలు 90 పాళ్ల వరకు ఉండవలెను. తగ్గినచో మొగ్గలు ఆవగింజంత ఉండగనే ఎండిపోవును. మితిమీరి, గాలియు ఆడకున్నచో గొడుగులపై నీరు నిలిచి, మచ్చలు పడి కుళ్లును.

అందుచేత పెంపకందారు ఒక తేమమీటరు కొని గోడకు తగిలించును. రూఢి చేసికొనుటకు రెండవదియు తెచ్చును. అక్కడనే చిక్కు మొదలగును. ఒకటి 87 చూపును. మరియొకటి 77 చూపును. నీరు చల్లవలెనా? కిటికీ తెరువవలెనా?

దీనికి సమాధానము చెప్పుకొనుటకు ముందు ఆ అంకెకు అర్థమేమో చూతము. అది గాలిలోని నీటి పరిమాణము కాదు. ఆ వేడిమి వద్ద గాలిలో ఉండదగిన ఆవిరిలో నూటికి ఎన్ని పాళ్లు ఉన్నదో చెప్పు నిష్పత్తి. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 23 గ్రాముల ఆవిరి ఇమిడియుండును. 30 డిగ్రీల వద్ద సుమారు 30 గ్రాములు. గాలిలో ఉన్నది 20 గ్రాములే అనుకొందము. 25 డిగ్రీల వద్ద దాని తేమ 87 పాళ్లు. ఆ గాలియే 27 డిగ్రీలకు వేడెక్కినచో తేమ సుమారు 77 పాళ్లకు దిగును. ఒక్క బొట్టు నీరైనను పోలేదు; వేడిమి మాత్రమే మారినది.

ఎండకు కాగిన డాబా కప్పు క్రింద ఒక మీటరు, తడిసిన గోనెపట్టాల చెంత నేలకు దగ్గరగా మరియొకటి ఉన్నచో రెండును నిజమే చెప్పుచుండవచ్చును. బేగంపేట వాతావరణ కేంద్రమువారు ప్రకటించు తేమతో మన గది అంకె కలియకపోవుటకును కారణమిదియే. వారు కొలుచునది ఆరుబయటి నీడలోని గాలిని.

ఇక పరికరముల సంగతి. గాలి తేమగా ఉన్నప్పుడు తల వెండ్రుక కొద్దిగా సాగునన్న గుణమును ఆధారము చేసికొని, జెనీవా పండితుడు సొస్యూర్ 1783లో తన వెండ్రుక తేమమాపకమును వివరించెను. నేటి ఎలక్ట్రానిక్ మీటరులో తేమను పీల్చు పలుచని పొర ఆ పని చేయుచున్నది. చవక రకములలో అటు అయిదు, ఇటు అయిదు పాళ్ల తేడా సామాన్యము. కావున రెండు మీటర్ల నడుమ పది పాళ్ల తేడా ఉన్నంత మాత్రాన ఏదియో చెడినదని తలపనక్కరలేదు. 90 పాళ్లు దాటిన పిదప వీనిపై నమ్మకము ఇంకను తగ్గును. పొరపై నీటి తుంపర పడినచో చాలసేపు 99 చూపుచునే యుండును.

కావున మొదట రెండింటిని ఒకేచోట ప్రక్కప్రక్కన కొన్ని గంటలు ఉంచవలెను. తేడా పోయినచో అది గదిలోనిది, నిలిచినచో మీటర్లది. మీటర్ల తేడాయైనచో వంట ఉప్పే తీర్పరి. చిన్న గిన్నెలో ఉప్పు పోసి, కరిగిపోకుండ తడి ఇసుకవలె అగునంత నీరు మాత్రమే కలుపవలెను. ఆ గిన్నెను, నీరు తగులకుండ మీటర్లను, గట్టి మూతగల డబ్బాలో 12 గంటలు నీడను కదలక ఉంచవలెను. లోపలి తేమ 75 పాళ్ల వద్ద నిలుచును. అప్పుడు మీటరు 79 చూపినచో, ఇకమీదట దాని అంకెనుండి నాలుగు తీసివేయవలెనని చీటీ వ్రాసి దానికే అంటింపవచ్చును.

మరియొక సాక్షి కావలెనన్నచో రెండు మామూలు థర్మామీటర్లు చాలును. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, రెండింటికిని పంకా గాలి తగులనీయవలెను. పొడిది 27, తడిది 25 డిగ్రీలు చూపినచో తేమ సుమారు 85 పాళ్లు.

ఇట్లు సరిచూచిన మీటరును సంచుల ఎత్తుననే, తలుపునకును నీటి తుంపరకును దూరముగా వ్రేలాడదీయవలెను. తేమతోపాటు వేడిమినిగూడ వ్రాసికొనవలెను. అటుపిమ్మటనే నీళ్ల డబ్బా చేతబట్టుట మేలు.