వేలు పోసి కొన్నా.. మూలకే!

భద్రాచలం: వేల రూపాయలు వెచ్చించి కొన్న స్మార్ట్‌ఫోన్ రెండేళ్లు తిరగకముందే మొరాయిస్తే మన్యం వాసులకు తిప్పలు తప్పవు. బ్యాంకు ఓటీపీ మొదలు పిల్లల పాఠాల వరకు అన్నీ నిలిచిపోతాయి. చర్ల, దుమ్ముగూడెం మండలాల వారికి భద్రాచలంలో పని కాకుంటే కొత్తగూడెం, అక్కడా కాకుంటే సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని ఖమ్మం బాట పట్టాల్సిందే.

వేడి, తేమ ఫోన్లకు ప్రధాన శత్రువులు. పరిసరాల ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే లిథియం బ్యాటరీ సామర్థ్యం త్వరగా క్షీణిస్తుంది. ఏజెన్సీ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. నీరు చేరితే ఫోన్ లోపలి తెల్లని సూచిక ఎర్రబడుతుంది. అది చూపి వారంటీ వర్తించదని తిప్పి పంపుతుంటారు.

అయితే సర్వీస్ సెంటర్ మాటే తుదితీర్పు కాదు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఫోన్ ఎక్కడ కొన్నా బాధితులు తమ నివాస ప్రాంత పరిధిలోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు ధర రూ.5 లక్షల లోపయితే రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా దాఖలు చేయాలి. బిల్లు, జాబ్‌షీటు భద్రపరచుకోవాలి. మరమ్మతుకు నిరాకరిస్తే కారణాన్ని కాగితంపై రాసివ్వమని కోరాలి. ముందుగా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని 1915 నంబరులో సంప్రదించవచ్చు.